ఆర్యపల్లి జెల్లల లెక్క: 0.53 నిజమా, తాతగారి మాట నిజమా?

అమ్మా, మీ ప్రశ్న చదివాను. ఇంకెవరైనా ఇదే చిక్కులో ఉంటే పనికొస్తుందని ముందు దాన్ని నా మాటల్లో క్లుప్తంగా చెప్తాను. మీరు ఒడిశాలోని బరంపురంలో ఎమ్మెస్సీ చేస్తున్నారు. ప్రాజెక్టు కోసం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య వరకూ గంజాం తీరంలోని ఆర్యపల్లి ఒడ్డున 212 జెల్లలు (మీసాలుండే సముద్రపు చేపలు) కొలిచారు. అన్నీ మీ అమ్మమ్మగారి పేటలో నైలాను వలలకు పడ్డవే. సాఫ్ట్‌వేర్‌లో పెడితే ఎదుగుదల అంకెలు రెండు, ఎల్-ఇన్ఫినిటీ 48 సెంటీమీటర్లు, కె 0.85 వచ్చాయి (వీటి అర్థం కింద చెప్తాను). 30 సెంటీమీటర్లు దాటిన చేపల సగటు పొడవు 34. దాన్నిబట్టి మొత్తం మరణాల రేటు జెడ్ 2.98, సహజ మరణాల రేటు ఎం 1.41, చివరికి వేట నిష్పత్తి, అంటే మొత్తం చావుల్లో వేట వాటా, 0.53 అని తేలింది. మేలైన వేటకు గీతగా చెప్పే 0.5కి దగ్గరగానే ఉంది కాబట్టి 'గంజాం తీరంలో జెల్లల వేట సరైన స్థాయిలో ఉంది' అని రాయొచ్చా అని అడిగారు. మీ తాతగారు మాత్రం ఆ వాక్యం వినగానే 'సరైన స్థాయేటి, పెద్ద జెల్ల కళ్ళజూసి ఎన్నేళ్ళయిందో' అన్నారట.

ఆ వాక్యం రాయకండి. ఈ విషయంలో నాకు సందేహం లేదు. మీరు కూడికలు తప్పు చేయలేదు, నేను మళ్ళీ వేసి చూశాను, అన్నీ సరిపోయాయి. కానీ ఆ లెక్క మీ పేటలో వాడే వల గురించి చెప్పినంతగా జెల్ల గురించి చెప్పడం లేదు.

ముందు కె సంగతి. చాలామంది పిల్లలు దీన్ని 'ఎదుగుదల వేగం' అని చదువుకుంటారు, కె ఎక్కువైతే చేప జోరుగా పెరుగుతోందనుకుంటారు. అలా కాదు. ఎల్-ఇన్ఫినిటీ అంటే చేపకు చావు లేకుండా ఉంటే సగటున ఎంత పొడవు దగ్గర ఆగుతుందో ఆ కొలత. కె అంటే ఆ ఆగే చోటికి ఎంత త్వరగా చేరువవుతుందో చెప్పే అంకె. ఆగే చోటును మీరు దగ్గరికి జరిపితే, చేప పెరిగే తీరు ఏమాత్రం మారకపోయినా కె దానంతటదే పెరుగుతుంది. వాన్ బెర్టలాన్ఫీ సమీకరణం 1938 నుంచీ వాడుకలో ఉంది, అందులో ఈ రెండూ తక్కెడ పళ్ళేల్లాంటివి. ఒకటి దిగితే రెండోది లేస్తుంది.

దీన్ని మీ అంకెలతోనే చూపిస్తాను. ఇంకో ఊహా వక్రరేఖ తీసుకుందాం: ఎల్-ఇన్ఫినిటీ 70, కె 0.4. ఇది మీ జెల్ల అసలు కొలత అని నేను అనడం లేదు, పోలిక కోసం ఎంచుకున్నాను. పొడవు వర్గాన్ని కె తో గుణించి చూడండి. మీ 48, 0.85కీ, నా 70, 0.4కీ దాదాపు ఒకే విలువ వస్తుంది. ఫై ప్రైమ్ అనే ఎదుగుదల సూచికలో చెప్పాలంటే రెండూ 3.29. ఇప్పుడు 40 సెంటీమీటర్ల చేప వయసు లెక్కగట్టండి. మీ రేఖ 2.1 ఏళ్ళు అంటుంది, నా రేఖ కూడా 2.1 ఏళ్ళే అంటుంది. 20 సెంటీమీటర్ల దగ్గర మీది ఏడున్నర నెలలు, నాది పది నెలలు. అంటే మీ దగ్గరున్న చేపల మేరకు ఈ రెండు రేఖలూ దాదాపు కలిసి నడుస్తాయి. విడిపోయేది పై భాగంలో. 46 సెంటీమీటర్ల చేపకు మీ రేఖ మూడు ముప్పావు ఏళ్ళు ఇస్తుంది, నాది రెండేళ్ళ ఎనిమిది నెలలు. ఏ రేఖ నిజమో తేల్చే సాక్ష్యం పెద్ద చేపల దగ్గర ఉంది. అవి మీ 212లో లేవు.

మీ సగటు పొడవు 34నీ, మొదలు పొడవు 30నీ అలాగే ఉంచి, సగటు పొడవు నుంచి జెడ్ లెక్కగట్టే బెవర్టన్-హోల్ట్ సూత్రాన్ని నా రేఖతో వేయండి. 70లోంచి 34 తీసేస్తే 36, దాన్ని 0.4తో గుణించి 4తో భాగిస్తే జెడ్ 3.6. సహజ మరణాల కోసం మత్స్య శాస్త్రవేత్త డేనియల్ పౌలీ 1980లో ఇచ్చిన సూత్రంలో సముద్రపు నీటి వేడి 28 డిగ్రీలు పెడితే ఎం 0.77 వస్తుంది. వేట నిష్పత్తి 0.79! అవే చేపలు, అదే ఒడ్డు, అదే స్కేలు. ఒక రేఖతో 'వేట సరైన స్థాయిలో ఉంది', ఇంకో రేఖతో 'చచ్చే చేపల్లో అయిదింట నాలుగు వలకే చస్తున్నాయి'. ఇంత తేడా తెచ్చే అంకెను రిపోర్టు చివరి వాక్యంలో పెట్టి సంతకం చేయడం సరికాదమ్మా.

ఇంకో పరీక్ష ఉంది, దానికి కంప్యూటరు అక్కర్లేదు. మీ ఎం 1.41 అంటే అసలు వేటే లేకపోయినా నూరు జెల్లల్లో ఏడాది తిరిగేసరికి 24 మాత్రమే బతుకుతాయని అర్థం. కవళ్ళకో, నెత్తళ్ళకో అయితే ఇది చెల్లుతుంది. అవి వేల గుడ్లు నీళ్ళలోకి వదిలేస్తాయి, పోయినవి పోగా మిగిలినవాటితో మంద నిలుస్తుంది. జెల్ల అలాంటి చేప కాదు. ఒక ఆడ జెల్ల ఏడాదికి పెట్టే గుడ్లు పదుల్లో లెక్క. అంత తక్కువ గుడ్లతో, అంత ఎక్కువ సహజ మరణాలతో ఏ జాతికైనా తరతరాలుగా నిలవడం చాలా కష్టం. కాబట్టి అంకెను చూడగానే 'ఈ చేప బతుకు ఇలా ఉంటుందా?' అని అడగాలి. పౌలీ సూత్రం ఎన్నో జాతుల సగటు పోకడ మీద కట్టింది, మీరిచ్చిన కె తప్పయితే అది ఆ తప్పును నమ్మకంగా ముందుకు మోసుకుపోతుంది.

ఇక ఆ గుడ్ల సంగతి. నా దృష్టిలో మీ ప్రాజెక్టుకు ప్రాణం ఇదే, మీ ప్రశ్నలో మాత్రం దీని ఊసే లేదు.

నేను ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో ఆర్యపల్లి నుంచి బారువ దాకా ఒడ్డు ఒడ్డునా తిరిగి కొలతలు తీసుకునేవాణ్ణి. ఒక ఉదయం ఆర్యపల్లి ఇసుకలోనే, తెప్ప దిగిన ముసలాయన ఒకరు నేను జెల్లను బల్ల మీద పెట్టి పొడవు రాసుకోవడం చూసి 'తోక కొలిస్తే ఏటొస్తాది బాబూ, నోరు తెరిసి సూడు' అన్నారు. దవడ కింద సంచిలా ఉబ్బి ఉంది. వేళ్ళతో నోరు విప్పితే లోపల పసుపు రంగులో గోలీకాయలంత గుడ్లు, ఒకదానికొకటి ఒత్తుకుని ఉన్నాయి. అరచేతిలోకి తీసుకుంటే బరువు తెలిసింది. కొన్నిటిలో నల్లటి కళ్ళు రెండు చుక్కల్లా కనిపిస్తున్నాయి, పిల్ల తోక గుడ్డు చుట్టూ చుట్టుకుని కదులుతోంది. లెక్కపెడితే ముప్పై పైచిలుకు. కడుపు కోసి చూస్తే ఖాళీ, పేగులు దారంలా ఎండిపోయి ఉన్నాయి. అది మగ చేప. ఆ తర్వాత నేను జెల్ల కొలిచిన ప్రతిసారీ స్కేలు కంటే ముందు నోటి దగ్గరికి చెయ్యి వెళ్ళేది.

ఏరిడే కుటుంబానికి చెందిన సముద్రపు జెల్లల్లో సాధారణంగా ఇదే పద్ధతి. ఆడది గుడ్లు పెడుతుంది, మగది వాటిని నోట్లోకి తీసుకుని పిల్లలయ్యేదాకా మోస్తుంది. పొదిగిన పిల్లలు కూడా సొన సంచి కరిగేవరకూ ఆ నోట్లోనే ఉంటాయి. జాతినిబట్టి నెల పైన, కొన్నిటిలో రెండు నెలలు ఇలా గడుస్తుంది. ఆ రోజులన్నీ తండ్రి దాదాపు ఉపవాసమే. గుడ్డు సెంటీమీటరు దాటి ఉంటుంది, ఎముకల చేపలన్నిటిలో అతి పెద్ద గుడ్లు పెట్టే కుటుంబాల్లో ఇదొకటి.

దీనివల్ల మీ లెక్కలో మారేవి చాలా ఉన్నాయి. పొడవు-బరువు సంబంధం తీస్తారు కదా, గుడ్లు మోసే మగదీ, కడుపులో గుడ్లు నిండిన ఆడదీ ఒకే పట్టికలో కలిపితే, పొడవుతో బరువు ఎలా పెరుగుతుందో చెప్పే 'బి' విలువకు అర్థం ఉండదు. ఒకటి చిక్కి ఉంది, ఇంకోటి నిండి ఉంది. ఆడా మగా విడివిడిగా రాయాలి. పైకి చూసి పోల్చుకోవడం కష్టం, పొట్ట కోసి బీజకోశం చూడాలి. గుడ్లు పెట్టే కాలంలో మాత్రం ఆడ జెల్లకు పొట్ట కింది రెక్కల లోపలి అంచు మందంగా మెత్తలా పెరుగుతుంది, అది పట్టుకుంటే కోయకుండానే తెలుస్తుంది.

రెండోది, మగది వలకు తగిలి కొట్టుకునేటప్పుడు నోట్లో గుడ్లను కక్కేస్తుంది. ఒడ్డుకు వచ్చేసరికి నోరు ఖాళీగా ఉంటుంది. అది చూసి 'గుడ్లు మోసేవి పడలేదు' అని రాస్తే తప్పు. దవడ కింద చర్మం వదులుగా సాగి ఉందా, పేగు ఖాళీయా, పడవ అడుగున నీళ్ళలో గుడ్లు దొర్లుతున్నాయా చూడండి. పడవ కడిగే కుర్రాణ్ణి అడిగితే అతనే చెప్తాడు.

అన్నిటికంటే ముఖ్యమైనది 0.5 అనే గీత. ఇది మత్స్య శాస్త్రవేత్త గల్లండ్ 1971లో చెప్పిన లెక్క. వేట వల్ల చచ్చేవి, సహజంగా చచ్చేవి సమానంగా ఉన్నప్పుడు దిగుబడి మేలుగా ఉంటుందన్న అంచనా మీద నిలబడింది. అందులో దాగున్న నమ్మకం ఏమిటంటే, తల్లిచేపలు కొంత తగ్గినా పిల్లల రాక పెద్దగా తగ్గదని. లక్షల గుడ్లు పెట్టే వంజరానికి కొంతవరకూ అది నడుస్తుంది. జెల్ల దగ్గర తల్లిదండ్రుల సంఖ్యకూ పిల్లల సంఖ్యకూ మధ్య అంత జాగా లేదు. ఒక మగ జెల్ల గుడ్లతో పట్టుబడితే ఆ చేపా పోయింది, ఆ ఏటి ముప్పై నలభై పిల్లలూ పోయాయి. కాబట్టి నిజంగా 0.5 వచ్చినా జెల్లకు అది ఎక్కువే అని నా అభిప్రాయం. మీ గైడ్ ఒప్పుకుంటే ఒక్కో పిల్లకు మిగిలే గుడ్డుశక్తి ఎంత అనే కోణంలో, అంటే స్పానింగ్ పొటెన్షియల్ రేషియో కూడా వేసి చూడండి. మామూలు చేపలకు వేట లేనప్పటి దానిలో 30-40 శాతం మిగలాలంటారు. జెల్లకు ఆ పై అంచునే పట్టుకోవాలని నేను అంటాను.

ఇది ఊహించి చెప్తున్నది కాదు, పడమటి తీరంలో జరిగింది. కర్ణాటక తీరానికి 1970ల మధ్యలో పర్స్ సీన్ వలలు వచ్చాయి. మన దగ్గర రింగు వల అంటారే, ఆ కోవలోదే, ఇంకా పెద్దది. మంద మొత్తాన్ని చుట్టి అడుగున తాడు బిగించేస్తుంది. గుడ్లు మోసే మగ జెల్లలు మందలుగా పైనీళ్ళలోకి చేరిన సమయంలో ఆ వలలు పడ్డాయి. టన్నుల కొద్దీ గుడ్లూ పిల్లలూ నీళ్ళపాలయ్యాయి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అప్పట్లోనే దీని గురించి హెచ్చరించారు. ఆ తర్వాతి ఏళ్ళలో నైరుతి తీరంలో జెల్లల వేట కుప్పకూలింది. పైగా కవళ్ళ మందలా రెండు మంచి వర్షాకాలాలు వస్తే తిరిగి లేచే రకం కాదిది.

ఇక నమూనా సేకరణ. మీ 212 చేపలూ ఒకే రకం వలవి. ప్రతి వల కన్నూ తన సైజు చేపను ఎంచుకుంటుంది. మామూలు చేప అయితే సన్నది దాటిపోతుంది, లావుది గుచ్చుకోదు, మధ్య సైజు చిక్కుతుంది. జెల్ల ఇంకాస్త తికమక పెడుతుంది. దాని వీపు ముల్లు, రెండు పక్క ముళ్ళు రంపంలా ఉంటాయి కాబట్టి కన్ను సైజుతో పని లేకుండా ముల్లుకే దారం చుట్టుకుని చిక్కుతుంది. చిన్నవీ పెద్దవీ కూడా కొన్ని వస్తాయి, ఏ సైజు ఎంత శాతం వస్తుందో ముందుగా చెప్పడం కష్టం. అందుకే ఒక్క వల మీద ఆధారపడకూడదు. గాలాలకు పడ్డవి కొలవండి, పెద్దవి దొరికే అవకాశం అక్కడే ఎక్కువ. అలివి వల లాగినప్పుడు పక్కన పారబోసే పిల్లజెల్లలను కొలవండి. గోపాలపూర్‌లో పెద్ద పడవల సరుకు దిగితే అదీ చూడండి. చిన్న పిల్లల కోసం రుషికుల్య, బాహుదా నదుల మొగల దగ్గరా, వీలైతే చిలికాలో రంభ వైపూ ఒకటి రెండు సార్లు వెళ్ళండి. ఈ కుటుంబంలో చాలా రకాలు ఉప్పు తక్కువ నీళ్ళను వాడుకుంటాయి. సముద్రంలో మాత్రమే కొలిస్తే జీవితంలో మొదటి అధ్యాయం చిరిగిపోయిన పుస్తకం చదివినట్టే.

వల కన్ను సైజు, పడవ ఎంత లోతులో వల వేసింది, ఆ రోజు మొత్తం ఎన్ని కిలోల జెల్ల దిగింది, అందులో మీరు కొలిచింది ఎంత... ఇవి రాయకపోతే కొలిచిన పొడవులకు విలువ సగం పోతుంది. ఆ నమూనాను ఆ రోజు పట్టుబడికీ, తర్వాత నెల పట్టుబడికీ పెంచి చూపాలి. మొత్తం పొడవు కొలిచారో, తోక చీలిక దాకా కొలిచారో ఒకటే పద్ధతి ఉంచండి. జెల్ల తోక పై కొస తరచూ విరిగి ఉంటుంది కాబట్టి నేను చీలిక దాకా కొలవమంటాను. పాత వ్యాసాలతో పోల్చేటప్పుడు ఈ తేడా మరిచిపోతే మళ్ళీ అంతా తారుమారు.

మూడు నెలలు చాలవు. పన్నెండు నెలలు కావాలి, కుదిరితే ఇంకో ఆరు. నెలనెలా పొడవుల కుప్ప కుడివైపుకు జరగడం కంటికి కనిపించాలి, అప్పుడే పొడవుల నుంచి ఎదుగుదల రేఖ గీసే ఎలిఫాన్ పద్ధతికి పట్టు దొరుకుతుంది. మీ మూడు నెలల్లో ఒక్క కుప్పే ఉంది, అది అక్కడే నిలబడి ఉంది. వల కన్ను మారలేదు కదా!

మన తీరానికి ప్రత్యేకమైన చిక్కు ఇంకోటి. తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ 61 రోజుల వేట నిషేధం ఉంటుంది. ఇంజను లేని తెప్పలకు మినహాయింపు. అదిగాక ఒడిశాలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళ కోసం ధామ్రా, దేవి, రుషికుల్య నదుల మొగల దగ్గర 20 కిలోమీటర్ల మేర నవంబర్ 1 నుంచి మే 31 దాకా నిషేధం. మీరు కొలిచిన నెలలు సరిగ్గా ఆ తాబేళ్ళ నిషేధంలో పడ్డాయి. పడవలు మామూలుగా వెళ్ళే చోట్లకు కాకుండా వేరే చోట్లకు వెళ్ళి ఉండొచ్చు. ఫిబ్రవరిలో దొరికిన సైజులూ ఆగస్టులో దొరికే సైజులూ వేరుగా ఉంటే అది చేప పెరగడమా, పడవ దారి మార్చడమా? పడవ వాళ్ళను అడిగి దిక్కూ, లోతూ రాసుకుంటేనే విడదీయగలం. ఇంకో మాట, నిషేధం రెండు నెలల్లో తెప్పలు తెచ్చే చేపలను వదలొద్దు. ఈ తీరంలో ఏ జెల్ల ఏ నెలలో గుడ్లు మోస్తుందో, ఆ నెలలు నిషేధంలో పడుతున్నాయో బయట మిగులుతున్నాయో మీ పన్నెండు నెలల నోటి రికార్డే చెప్తుంది. గంజాం మత్స్యకారులకు పనికొచ్చే ఫలితం అదే. వేట నిష్పత్తి కంటే, కె కంటే దానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

అసలు మీరు కొలిచింది ఏ జెల్ల? మీ ప్రశ్నలో 'జెల్ల' అని మాత్రమే ఉంది. ఒడ్డున అన్నీ ఒకే కుప్ప. ఒడియా వ్యాపారి 'కంటియా' అంటాడు, అందులోనూ అన్నీ కలిసిపోతాయి. నెట్యూమా థలస్సినా మీటరు దాటి పెరిగే చేప. ప్లికోఫోలిస్ టెన్యుస్పినిస్ దానికంటే బాగా చిన్నది. ఈ రెంటి పిల్లలూ కలిసిపోయిన పట్టికకు ఎల్-ఇన్ఫినిటీ 48 అంటే అది ఏ చేపదీ కాదు. ఆస్టియోజీనియోసస్ మిలిటారిస్‌ను పట్టడం తేలిక, దానికి ఒక్క జత మీసాలే, అవీ పుల్లల్లా గట్టిగా ఉంటాయి. మిగతావాటికి నోరు తెరిచి అంగిట్లో పళ్ళ గుంపులు ఏ ఆకారంలో, ఎన్ని ఉన్నాయో చూడాలి. నోరు ఎలాగూ తెరుస్తారు కాబట్టి ఫోన్‌తో ఒక ఫోటో తీసి చేప నంబరు రాసుకోండి. పాత వ్యాసాలు వెతికేటప్పుడు 'టాకిసూరస్' అనే పేరుతో వెతకండి. మన సముద్రపు జెల్లలన్నీ చాలాకాలం ఆ పేరు కిందే ఉన్నాయి, తర్వాత ఏరియస్ అన్నారు, ఇప్పుడు నెట్యూమా, ప్లికోఫోలిస్, నెమాప్టెరిక్స్ అని విడిపోయాయి. ఈ రోజుల్లో టాకిసూరస్ అని కొడితే తూర్పు ఆసియా మంచినీటి చేపలు వస్తాయి, కంగారు పడకండి.

వయసుకు రెండో సాక్ష్యం ఉంటే చాలా బలం. జెల్ల తలలో చెవి రాయి పెద్దది, చేత్తో తీయొచ్చు. మామూలు చేపల్లో సాజిట్టా అనే రాయి వాడతారు, ఏరిడే జెల్లల్లో లాపిల్లస్ అనే రాయి పెద్దది. పక్క ముల్లును మొదలు దగ్గర పలుచగా కోసి అరగదీసినా వలయాలు కనిపిస్తాయి. మన వెచ్చటి నీళ్ళలో అవి ఏడాదికొకటేనా అన్నది నెలనెలా అంచును చూసి రుజువు చేయాలి. ఎం.ఎస్సీ. ప్రాజెక్టుకు అది ఎక్కువే. కానీ ఒక 30 పెద్ద చేపల రాళ్ళు తీసి చేప నంబరుతో కాగితం కవర్లలో దాచండి. మీరు కాకపోతే మీ తర్వాతివాళ్ళు కోస్తారు. లెక్కకు ఫైశాట్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. మీ కంప్యూటర్లో ఆర్ అనే గణాంకాల ప్రోగ్రాము ఉంటే ట్రాప్‌ఫిష్‌ఆర్ ప్యాకేజీ వాడండి, దాంతో బూట్‌స్ట్రాప్ చేస్తే, అంటే అవే కొలతల్లోంచి మళ్ళీ మళ్ళీ నమూనాలు తీసి లెక్కిస్తే, కె ఎంత వెడల్పులో ఊగుతుందో కనిపిస్తుంది. రిపోర్టులో ఒక్క అంకె కాకుండా ఆ వెడల్పు రాయండి.

ముల్లు జాగ్రత్త. జెల్ల ముల్లు గుచ్చుకుంటే విషం, చెయ్యంతా మంట పాకుతుంది. చచ్చిన చేప ముల్లు కూడా అంతే. కొలిచే ముందు మూడు ముళ్ళనూ మందపాటి గుడ్డతో పట్టి కిందికి వంచండి. గుచ్చుకుంటే చర్మం ఓర్చుకునేంత వేడి నీళ్ళలో, దాదాపు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర ఉంచాలి. దెబ్బ తగలని చేత్తో ముందు వేడి చూసుకోండి, నొప్పిలో కాలిపోయేది తెలియదు. తర్వాత ఆస్పత్రికి వెళ్ళండి, ముల్లు ముక్క లోపల ఉండిపోతే చీము పడుతుంది, టీటీ కూడా కావాలి. పేటలో ఏదో ఆకు పసరు పూస్తామంటారు, వేడి నీళ్ళు మానేసి దానికోసం ఆగొద్దు.

ఇక తాతగారి మాట. దాన్ని 'అవగాహన' అనే చివరి పేరాలో ఒక్క వాక్యంగా పెట్టేయకండి. ఆయన చెప్పింది పొడవుల పట్టికే, మన స్కేలులో లేదంతే. పౌలీయే 1995లో ఒక మాట చెప్పాడు: ప్రతి తరం తాను పని మొదలుపెట్టిన నాటి సముద్రాన్నే అసలు సముద్రం అనుకుంటుంది, కాబట్టి ఎంత పోయిందో కనిపించదు. మీ 212 చేపల్లో పెద్దది ఏదైతే మీకు అదే పెద్ద జెల్ల. ఆయనకు కాదు. ఆయన్ని 'అప్పట్లో ఎక్కువుండేవా?' అని అడగకండి, ఎవరైనా అవుననే అంటారు. ఒక గంప నిండడానికి ఎన్ని జెల్లలు పట్టేవి అని అడగండి. పెళ్ళయిన ఏడు వాడిన జెల్ల వల కన్ను ఎన్ని వేళ్ళు పట్టేది, ఇప్పటి వల ఎన్ని వేళ్ళు అని అడగండి. గాలం సైజు మారిందా? ఎంత దూరం వెళ్తే పడేది, ఎన్ని గంటలు తెడ్డు వేసేవారు? ఇలాంటివాటికి మనుషులు కచ్చితమైన జవాబులు చెప్తారు, ఎందుకంటే అవి చేతులకు గుర్తుంటాయి. అరవై దాటిన పదిమందిని, నలభైల్లో ఉన్న పదిమందిని, పాతికేళ్ళ పదిమందిని విడివిడిగా అడిగి పక్కపక్కన పెట్టండి. ఒక మెట్టు కనిపిస్తే అది ఫలితమే, కనిపించకపోతే అదీ ఫలితమే. మీరు మన పేటల తెలుగులో అడగగలరు, వాళ్ళ ఇంటి పిల్లగా అడగగలరు. భువనేశ్వర్ నుంచో కొచ్చి నుంచో వచ్చినవారికి ఆ వీలు లేదు.

ఇప్పుడు గడువు దగ్గరపడిందని, గైడ్‌కు వచ్చే నెలే రిపోర్టు ఇవ్వాలని రాశారు. టెన్షన్ పడకండి. ఉన్న 212తోనే నిజాయితీగా రాయొచ్చు. శీర్షికలో 'జనాభా గతిశీలత' అనే పెద్ద మాట తీసేసి 'ఆర్యపల్లి ఒడ్డున నైలాను వలలకు పడే జెల్లల పొడవు-బరువు, సైజుల తీరు' అని పెట్టండి. రెండు వక్రరేఖలూ పక్కపక్కన గీసి, ఒకే సగటు పొడవుకు వేట నిష్పత్తి 0.53 నుంచి 0.79 దాకా ఎలా పాకిందో పట్టిక వేయండి. పెద్ద చేపలు నమూనాలో లేకపోవడమే కారణమని రాయండి. నేనైతే అలాంటి రిపోర్టుకు మంచి మార్కులే వేస్తాను. మీ గైడ్ కూడా ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను, ఒప్పుకోకపోతే ఈ లెక్క చూపించండి.

జూన్ 15న పడవలు మళ్ళీ కదులుతాయి. ఆ రోజు తెల్లవారుజామునే ఒడ్డున ఉండగలిగితే ఉండండి. నోటుబుక్కులో పొడవు గడికి ఎడమ పక్కన, అంటే ముందే, మూడు చిన్న గడులు గీయండి: ఆడా మగా, నోట్లో గుడ్లు ఎన్ని, దవడ చర్మం సాగి ఉందా. తాతగారి పాత జెల్ల వల అటక మీద ఎక్కడైనా ముక్క మిగిలి ఉంటే దాని కన్నుకు ఎదురెదురు ముడులు పట్టి సాగదీసి కొలిచి, ఇప్పటి వల కన్నుతో పాటు ఇక్కడే రాయండి. ఆ రెండు కొలతలు వస్తే మీ 34 సెంటీమీటర్ల సగటు ఎక్కడి నుంచి వచ్చిందో కలిసి చూద్దాం.